సముద్రపు చేపల ఒంటిమీద తెల్లచుక్కలు పోయి మళ్లీ ఎందుకు వస్తాయి? ఏం చేయాలి?

చుక్కలు పోతే జబ్బు తగ్గినట్టు కాదు. ఇది క్రిప్టోకారియాన్ అనే ఏకకణ పరాన్నజీవి పని. చేప చర్మంలో, మొప్పల్లో కొన్ని రోజులు తిని రాలిపోతుంది. ఇసుకకో రాయికో అంటుకుని గట్టి పొర కట్టుకుంటుంది. ఆ పొరలోపల విభజన చెంది, వందల పిల్లలుగా బయటికొచ్చి మళ్లీ చేపల మీద పడుతుంది. కొన్ని పొరలు పగలడానికి వారాలు పడుతుంది.

మందుకు చిక్కేది ఈదుతున్న ఆ పిల్లలే. అందుకే చుక్కలు లేనివాటితో సహా చేపలన్నిటినీ వేరే తొట్టిలోకి మార్చి రాగి మందు వాడాలి. మోతాదు సీసా మీద రాసినట్టే వేసి, టెస్ట్ కిట్‌తో రోజూ కొలవాలి: తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే చేపకే విషం. అక్కడ ఇసుక, పగడపు రాళ్లు పెట్టకండి, రాగిని పీల్చేస్తాయి. అసలు తొట్టిలో మాత్రం ఈ మందు ఒక్క బొట్టు కూడా వేయవద్దు. పగడాలు, రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. దాన్ని 76 రోజులు చేపలు లేకుండా వదిలేయడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. వెల్లుల్లి కలిపిన మేతతో ఈ జబ్బు తగ్గుతుందని నేనైతే ఆశ పెట్టుకోను.

చుక్కలకు బదులు సన్నని పసుపుపొడి చల్లినట్టు కనిపించి, చేప వేగంగా ఊపిరి తీస్తుంటే అది వెల్వెట్ అనే మరో పరాన్నజీవి జబ్బు కావచ్చు. అది రోజుల్లోనే చంపేస్తుంది, రాగి మందు ఆ రోజే మొదలుపెట్టండి.

ఇకపై కొత్త చేపను కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు విడిగా ఉంచండి. దానితో వచ్చిన సంచి నీళ్లు తొట్టిలో పోయకండి. రెండు తొట్లకూ ఒకే వల వాడకండి. నత్త గుల్లకు, పగడపు మొదలుకు కూడా ఆ పొరలు అంటుకుని రావచ్చు.