చెల్లెలి జవాబు ఫొటో తీసే ముందు

"మాది విశాఖపట్నం. నాకు 29 ఏళ్లు. ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో ఫొటోలు తీస్తుంటాను. ఇంజనీరింగ్ నుంచి నాకు ప్రాణస్నేహితుడైన అబ్బాయి, మా చెల్లి రెండేళ్లుగా ఒకరినొకరు ఇష్టపడుతున్నారు. సంక్రాంతి తరువాత వచ్చే ఆదివారం భీమిలి తీరంలో, సూర్యోదయం వేళ, చెల్లికి ముందుగా తెలియనివ్వకుండా ఉంగరం ఇచ్చి పెళ్లి మాట అడగాలని అతని ఆలోచన. నేను దూరంగా నక్కి ఫొటోలు తీయాలట. ఏ లెన్స్ తీసుకెళ్లాలి? ఎక్కడ నిలబడితే చెల్లికి కనిపించను? ఆరు నెలల క్రితం తను ఇంట్లో తమ ప్రేమ సంగతి చెబితే, 'పెద్దదాని పెళ్లి కాకుండా నీకేం తొందర' అని అమ్మ కోప్పడింది. నేనేమీ అనలేదు. అప్పటినుంచి చెల్లి నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. అతను ఎప్పుడు పెళ్లి మాట ఎత్తినా 'అక్క పెళ్లయ్యాక చూద్దాం' అంటోందట. ఈ ఫొటోలు చూస్తే తన మనసు కరుగుతుందని నా ఆశ."
- ఒక సోదరి

లెన్స్ సంగతి ముందే తేల్చేస్తాను. 70-200 జూమ్ లెన్స్ ఉంటే అదే పట్టుకెళ్లండి, అరవై అడుగుల దూరం నుంచి సరిపోతుంది. మన తూర్పు తీరంలో పొద్దు సముద్రంలోంచే పొడుస్తుంది కనుక, నీళ్లకు వీపు పెట్టి నిలబడితే ఇద్దరి ముఖాలూ నల్లబడతాయి. పక్కవాటుగా నిలబడమని అతనికి చెప్పండి. జనవరిలో అక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. ఒడ్డున పడవల చాటు ఉంటుంది. ఇక దీని గురించి అడగకండి.

అమ్మా, మీ ఉత్తరంలో "నేనేమీ అనలేదు" అన్న చోట నేను ఆగిపోయాను. చెల్లికి కోపం అమ్మ మీద కాదు. అమ్మ ఏమంటుందో ఆ పిల్లకు ముందే తెలుసు. తెలిసీ ధైర్యం చేసి నోరు విప్పిందంటే, అక్క ఉందన్న భరోసాతోనే. అక్క తల వంచుకుని ఊరుకుంది. ఇప్పుడు ఆమె జీవితంలో అంత ముఖ్యమైన ఘడియలో, అదే అక్క పడవ చాటున కూర్చుని మళ్లీ మౌనంగా ఉండబోతోంది. చేతిలో కెమెరా ఉండటం ఒక్కటే తేడా.

ఆ ఇసుకలో ఆమె పరిస్థితి ఊహించండి. ఎదురుగా ఇష్టపడ్డవాడు ఉంగరంతో మోకాళ్ల మీద ఉంటాడు. ఆమె గొంతులో ఉన్న మాట "అక్క పెళ్లి కాలేదు" అన్నది. అతన్ని కాదనలేక, ఇంటికి విరుద్ధంగా అవుననలేక నలిగిపోతుంది. అంతలో మీరు లేచి వస్తారు. అంటే తన తడబాటంతా అక్క ఫొటోలు తీసిందన్నమాట! ఆ ఫొటోలు చూసి కరుగుతుందని మీరెలా అనుకున్నారు?

మన పెళ్లిచూపుల్లో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. పిల్లను కూర్చోబెట్టి పాట పాడమనడం, నడిచి చూపించమనడం నేను ఏనాడూ సమర్థించలేదు. కానీ వచ్చినవాళ్లు వెళ్లాక తల్లి లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసి "నచ్చాడా?" అని అడిగే ఇళ్లూ ఉండేవి. వద్దనాలనుకున్న పిల్ల అక్కడ వద్దనగలిగేది. ఆడపిల్ల 'అవును'కు విలువ వచ్చేది 'కాదు' అనే వీలు కూడా ఉన్నప్పుడే అని నా నమ్మకం. మీ స్నేహితుడు మంచివాడే కావచ్చు. అయినా మీ ఇంట్లో పడిన ముడిని సముద్రపు ఒడ్డున ఉంగరంతో విప్పలేడు. దాన్ని విప్పవలసింది మీరు.

నా కంటే ముందు మా చెల్లెలి పెళ్లి జరిగింది. పీటల మీద ఆమె పక్కన కూర్చుని, జీలకర్ర బెల్లం వేళ చెయ్యి పట్టుకున్నది నేనే. బంధువులు నాలుగు రోజులు గుసగుసలాడారు. మా అమ్మ ఏడ్చింది. నేను ఒక్కటే చెప్పాను: నా పెళ్లి ఆలస్యమైతే ఆ బరువు నాది, చెల్లి నెత్తిన పెట్టవద్దని. ఆ మాట అనడానికి నాకూ వారం పట్టింది. నాకేదో లోటు ఉందని నేనే ఒప్పుకున్నట్టవుతుందేమో అనిపించింది. మీ మౌనం వెనకా అదే ఉందని నా అనుమానం. ఉంటే అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, కానీ దాని మూల్యం చెల్లి చెల్లిస్తోంది.

అతని రహస్యం బయటపెట్టమని నేను చెప్పడం లేదు. ఆ ఆదివారానికి ముందే చెల్లిని ఒంటరిగా కలవండి. "ఆ రోజు నేను నీ తరఫున మాట్లాడాల్సింది, మాట్లాడలేదు. తప్పు నాది. నా పెళ్లి కోసం నువ్వు ఆగవద్దు" అని చెప్పండి. వెంటనే క్షమించకపోతే ఓర్చుకోండి. అతనితోనూ గట్టిగానే అనండి, రేపు మీకు మరిది కాబోయేవాడు కనుక ఆ చనువు మీకుంది: మిత్రబృందం, చప్పట్లు, వీడియో కాల్ ఏవీ వద్దు, అడిగాక జవాబు కోసం తొందరపెట్టకూడదు. ఆమె తటపటాయిస్తే మీరు కెమెరా దించేయండి. ఆ ఫొటోలు ఆమె చూసి సరేననే వరకు ఎవరి ఫోనుకూ వెళ్లకూడదు.

ఇక అమ్మ. భీమిలి నుంచి తిరిగొచ్చాక చూద్దామనుకోకండి. పండక్కి చెల్లి ఇంట్లోనే ఉంటుంది కదా. ఆరు నెలల క్రితం మీరు అనని మాటను ఈసారి అమ్మతో, చెల్లి ఎదుటే అనండి.