టెన్షన్ పడితే కడుపు పాడవుతోంది: తప్పు మనసుదా, పేగుల్లో బ్యాక్టీరియాదా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గ్రూప్స్‌కి చదువుతున్నారు. మాక్ టెస్ట్ ఉన్న రోజు పొద్దున్నే నాలుగుసార్లు మోషన్‌కి పరిగెత్తాల్సి వస్తోంది. అమలాపురంలో కాకినాడ బస్సెక్కాలంటేనే భయం. పరీక్షలన్నీ నార్మల్ వచ్చాయి, డాక్టర్ ఐబీఎస్ (పేగులో పుండేమీ లేకున్నా దాని పని గాడి తప్పి నొప్పి, ఉబ్బరం, విరేచనాలు పెట్టే జబ్బు) అన్నారు, ఇంట్లోవాళ్లేమో "అంతా నీ మనసులోనే ఉంది" అంటున్నారు. పేగుల్లో ఉండే బ్యాక్టీరియాకీ మెదడుకీ సంబంధం ఉందంటారు, నిజమేనా, మంచి బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ మాత్రలు వేసుకుంటే తగ్గుతుందా అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు. భీమవరం పక్కన కాళ్ళ మండలంలో వనామీ రొయ్యల చెరువులు చేస్తాను. ఇదే జబ్బుతో చాలా ఏళ్లు బాధపడ్డాను. "మనసులోనే ఉంది" అన్న మాట ఎంత నొప్పి పెడుతుందో నాకు తెలుసు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నాకు ఇది 2018 వేసవిలో ఒక పెళ్లి భోజనంతో మొదలైంది. మర్నాటికల్లా జ్వరం, విరేచనాలు. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకున్నాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడితే, ఇంకో రకం వాడాను. జ్వరం పోయింది కానీ కడుపు మాత్రం మళ్లీ దారికి రాలేదు. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజైనా, రొయ్య కౌంట్ రేటు పడిందని కబురొచ్చినా, అర్ధరాత్రి కరెంటు పోయి చెరువు నీళ్లకి గాలి పెట్టే ఏరేటర్లు ఆగినా ముందు పేగు మెలిపెట్టేది. ఫోన్ మోగగానే కడుపు కదిలేది, ఏం భయమో ఆ తర్వాత తెలిసేది. ఈ వరస గుర్తుపెట్టుకోండి, దీని గురించి మళ్లీ చెప్తాను.

రెండేళ్లు తిరిగాక విజయవాడలో ఒక గ్యాస్ట్రో డాక్టర్ గారు నా కథ మొత్తం ఓపిగ్గా విన్నారు. రక్తం, మలం, పెద్దపేగు కెమెరా పరీక్ష అన్నీ చూసి ఆయన అన్న మాట: "మీ పేగులో పుండు లేదు. కానీ అక్కడి నరాలు చిన్న కదలికని కూడా నొప్పిగా పైకి చేరవేస్తున్నాయి." ఒకసారి గట్టిగా పేగు ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లలో పదిమందిలో ఒకరికి ఇలా ఐబీఎస్ మిగిలిపోతుందట. ఆ మాట విన్నాక కార్లో కూర్చుని ఏడ్చాను. రెండేళ్లలో మొదటిసారి, నాది నాటకం కాదని ఒకరు చెప్పారు.

ఇప్పుడు పేగుకీ మెదడుకీ ఉన్న సంబంధం సంగతి. పేగు గోడలోనే కనీసం 10 కోట్ల నాడీకణాలు ఉంటాయి. మెదడు చెప్పకపోయినా అవి పేగుని నడపగలవు. పేగుకీ మెదడుకీ మధ్య వేగస్ అనే నాడి ఉంది. అందులోని తీగల్లో నూటికి 80 దాకా కింది నుంచి పైకి కబురు మోసేవే, పై నుంచి కిందకి ఆజ్ఞ తెచ్చేవి తక్కువ. ఫోన్ మోగగానే మనసు కంటే ముందు నా కడుపు కదిలినట్టు అనిపించడంలో ఆశ్చర్యం లేదని ఇది తెలిశాక అర్థమైంది. "కడుపులో చల్ల కదలకుండా బతకాలి" అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదనిపిస్తుంది.

ఆ పేగులో ఉండే బ్యాక్టీరియా సంఖ్య, 2016లో వేసిన లెక్క ప్రకారం ఒక మనిషికి దాదాపు 38 లక్షల కోట్లు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లే. బరువు మాత్రం అంతా కలిపి 200 గ్రాములు, రెండు కిలోలని యూట్యూబ్‌లో చెప్పేది పాత లెక్క. మనకి అరగని పీచుని అవి తిని బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకి అదే ముఖ్యమైన తిండి. మనసు హుషారుతో ముడిపెట్టి చెప్పే సెరటోనిన్ అనే రసాయనం, శరీరంలో ఉన్నదాంట్లో 90 శాతం పైగా పేగులోనే తయారవుతుంది. 2015లో అమెరికాలో కాల్‌టెక్ యూనివర్సిటీ వాళ్లు, బ్యాక్టీరియా అసలే లేకుండా పెంచిన ఎలుకల్లో ఈ సెరటోనిన్ 60 శాతం దాకా తక్కువగా ఉందని చూపించారు. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. పేగులో పుట్టిన సెరటోనిన్ రక్తం మీదుగా మెదడులోకి వెళ్లదు, కాబట్టి "పేగు బాగుంటే మెదడుకి సంతోషం సప్లై అవుతుంది" అన్నది తప్పు. అది పేగు కదలికని నడుపుతుంది, అక్కడి నరాల కొసల్ని తట్టి లేపుతుంది. మీ మాక్ టెస్ట్ రోజు జరిగే గొడవలో దానికి పెద్ద చెయ్యే ఉంది.

నన్ను బాగా కదిలించింది ఇంకొకటి ఉంది. 2004లో జపాన్‌లో క్యూషు యూనివర్సిటీ వాళ్లు బ్యాక్టీరియా లేని ఎలుకల్ని కాసేపు కదలకుండా బంధించి చూశారు. మామూలు ఎలుకల కంటే వాటికి ఒత్తిడి హార్మోన్లు చాలా ఎక్కువ పొంగాయి. చిన్న వయసులోనే ఒక మంచి రకం బ్యాక్టీరియా ఇస్తే ఆ తేడా సర్దుకుంది, పెద్దయ్యాక ఇస్తే సర్దుకోలేదు. 2011లో ఐర్లండ్‌లోని కార్క్‌లో ఎలుకలకి లాక్టోబాసిలస్ అనే బ్యాక్టీరియాలో ఒక రకం పెడితే వాటి భయం తగ్గింది. వేగస్ నాడిని కోసేస్తే ఆ గుణం కనిపించలేదు. అంటే కబురు ఆ తీగ మీదుగానే వెళ్తోంది.

మీరు మాత్రల గురించి అడిగారు కాబట్టి తర్వాతి ముక్క కూడా చెప్పాలి. అదే రకం బ్యాక్టీరియాని ఆరోగ్యంగా ఉన్న 29 మంది మగవాళ్లకి ఇచ్చి చూస్తే టెన్షన్‌లో ఏ తేడా రాలేదు. ఆ ఫలితం 2017లో అచ్చయింది. ఎలుకల్లో పనిచేసింది మనుషుల్లో పనిచేస్తుందని నమ్మి నేను నెలకి వేలు ఖర్చుపెట్టాను. మీరు పెట్టకండి. కొన్ని రకాలు కొంతమందికి ఉబ్బరం తగ్గిస్తాయి. డాక్టర్ ఫలానా రకం రాస్తే నాలుగు వారాలు వాడి చూసి, తేడా లేకపోతే ఆపేయండి.

నా చెరువు నాకు ఈ విషయం ముందే నేర్పి ఉండాల్సింది. మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే లేపితే రొయ్య వీపు మీద పేగు గీత నిండుగా, తెగకుండా కనిపించాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయిన రోజు రొయ్య మేత ముట్టదు, మధ్యాహ్నానికి ఆ గీత ముక్కలు ముక్కలుగా తెగి కనిపిస్తుంది. ఆ రోజు మేం రొయ్యని తిట్టం, నీళ్లు చూస్తాం. రొయ్యకి జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా పెరిగిందని ల్యాబ్ రిపోర్టు వస్తే శానిటైజర్ కొడతాం. అది చెడ్డవాటితో పాటు మంచివాటినీ చంపుతుంది. ఖాళీ అయిన నీళ్లలో అన్నిటికంటే ముందు తిరిగి లేచేది మళ్లీ ఆ విబ్రియోనే, ఎందుకంటే అది త్వరగా పెరుగుతుంది. అందుకే తర్వాత సాయంత్రం డ్రమ్ములో బెల్లం, తవుడు, బాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా పొడి కలిపి రాత్రంతా గాలి పెట్టి, ఎండెక్కాక చెరువులో పోస్తాం. అడుగున మురుగు అలాగే ఉంచి, మేత ఎక్కువేసి ఎన్ని డ్రమ్ములు పోసినా ఫలితం ఉండదు. చెరువు విషయంలో ఇదంతా తెలిసిన నేను, నా కడుపులోకి ఐదు రోజులు ఒకటి, ఏడు రోజులు ఇంకొకటి యాంటీబయాటిక్ డాక్టర్ని అడక్కుండానే వేసుకున్నాను.

యాంటీబయాటిక్ చెడ్డదని నేను అనడం లేదు, దయచేసి అలా తీసుకోకండి. మా భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతోనే పోయారు. తిన్నది ఒంటికి పట్టకుండా మనిషి ఎండిపోయే జబ్బు అది. తర్వాత ఆయన అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఉండగా 1945లో ఫోలిక్ ఆమ్లం తయారైంది, 1948లో మొదటి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్ బయటికొచ్చింది. ఆ స్ప్రూకి ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపి ఇవ్వడమే వైద్యమైంది. అవసరానికి పడితే ప్రాణం నిలిపే మందుని జలుబుకీ, ఒక్కపూట విరేచనానికీ మింగడమే నా బాధ.

తిండి గురించి చెప్పాలంటే మా నాయనమ్మ తరవాణి కుండ దగ్గర మొదలుపెట్టాలి. వంటింటి మూల ఒక నల్లబడిన మట్టికుండ ఉండేది. అన్నం వార్చిన గంజి చల్లారాక అందులో పోసేది, రాత్రి మిగిలిన అన్నం వేసేది, పైన గుడ్డ కట్టేది. పొద్దున్నే మూత తీస్తే చిక్కటి పులుపు వాసన. ఉప్పు, దబ్బాకు వేసి ఆ నీళ్లతో సహా అన్నం పెట్టేది. కుండని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యనిచ్చేది కాదు, అడుగున గిద్దెడు ఉండాల్సిందే. ఆ గిద్దెడులో ఏముందో ఆవిడకి పేరు తెలియదు, కానీ అది చావకూడదని తెలుసు. తరవాణి మీద పరిశోధన చూపించి నేను మీకు హామీ ఇవ్వలేను. 2021లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 36 మందిని రెండు జట్లు చేసి చూశారు. పది వారాలు పెరుగు, పులియబెట్టిన కూరగాయల లాంటివి బాగా తిన్న జట్టులో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, ఒంట్లో వాపుని చూపించే 19 ప్రోటీన్లు తగ్గాయి. ఉట్టి పీచు పెంచిన జట్టులో అంతలోపల రకాలు పెరగలేదు.

నేను తరవాణి దాకా వెళ్లలేదు. రాత్రి చల్లారిన అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి తోడుపెట్టి పొద్దున్నే తింటాను. అన్నం చల్లారితే అందులో కొంత పిండిపదార్థం అరగకుండా పెద్దపేగు దాకా వెళ్లి బ్యాక్టీరియాకి మేతవుతుంది. వాసన తేడాగా ఉన్నా, జిగురుగా సాగినా పారబోయండి, మన వేసవిలో అన్నం పాడవడం ఎంతసేపు! నా తప్పేమిటంటే, అందులో అలవాటుగా పచ్చి ఉల్లిపాయ నంజుకునేవాణ్ని. ఐబీఎస్ ఉన్న చాలామందికి ఉల్లి, వెల్లుల్లి, ఎక్కువ పప్పు గ్యాస్ పెడతాయి. ఉల్లి మానేసిన వారానికే నా ఉబ్బరం సగమైంది. మామిడిపండు కూడా రోజుకి రెండు ముక్కలకి మించితే నాకు పడదు, సీజన్‌లో ఇది నిజంగా కష్టం. అరటి దూట, కంద బచ్చలి, పచ్చి అరటికాయ కొంచెం కొంచెంగా పెంచాను. ఒక్కసారిగా పీచు పెంచితే మాత్రం బస్సులో ఇంకా ఇబ్బంది పడతారు.

మందు సంగతి. డాక్టర్ గారు నాకు రాత్రి పూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ రాశారు. "ఇది డిప్రెషన్ మందు కదా" అని మా ఇంట్లో రెండు రోజులు అన్నం సహించలేదు. అది అంత తక్కువ మోతాదులో పేగు నరాల గోలని తగ్గించడానికి ఇస్తారు. 2023లో ఇంగ్లండ్‌లో 463 మంది మీద జరిగిన ట్రయల్‌లో ఐబీఎస్‌కి ఉత్తుత్తి మాత్ర కంటే ఇది బాగా పనిచేసింది. నాకు నోరు ఎండడం, పొద్దున్నే మత్తు ఉండేవి. పరీక్షలకి చదివే మీకు ఆ మత్తు ఇబ్బంది కావచ్చు, డాక్టర్‌తో ఆ విషయం స్పష్టంగా చెప్పండి. మనసుకి వైద్యం చేసేవాళ్ల దగ్గరికి పంపినా చిన్నతనంగా తీసుకోకండి. తీగకి రెండు కొసలున్నాయి, ఏ కొస దగ్గర పట్టుకున్నా వైద్యమే.

మలంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, రాత్రి నిద్రలోంచి లేచి మోషన్‌కి వెళ్లాల్సి వస్తున్నా, రక్తం తక్కువుందని తేలినా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉన్నా, ఇదంతా పక్కనపెట్టి మళ్లీ డాక్టర్‌కి చూపించుకోండి.

మాక్ టెస్ట్ రోజు కోసం నేను పట్టుబడి రోజుల్లో చేసేది చెప్తాను. రెండు గంటలు ముందు లేస్తాను. గోరువెచ్చటి నీళ్లు తాగి, కడుపుకి టైమిస్తాను. కాఫీ ఆ రోజు ముట్టను, అది పెద్దపేగుని ఇంకా తొందరపెడుతుంది. బయల్దేరే ముందు పది నిమిషాలు, నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఎనిమిది లెక్కపెడుతూ వదులుతాను. ఊపిరి నెమ్మదిగా వదిలేటప్పుడు ఆ వేగస్ నాడే గుండె వేగం తగ్గిస్తుంది. మొదటి వారం ఏమీ తెలియలేదు, మూడో వారానికి తెలిసింది.

ఏం తిన్నాను, ఎంత నిద్రపోయాను, ఆ రోజు టెన్షన్ ఎంత, ఎన్నిసార్లు వెళ్లాను అన్నవి మూడు నెలలు రాసుకున్నాను. వేరే పుస్తకం కూడా కొనలేదు. మేత, డీవో (నీళ్లలో ఆక్సిజన్), పీహెచ్ రాసుకునే చెరువు లాగ్‌బుక్‌లోనే చివరి పేజీల్లో గళ్లు గీసుకున్నాను. ఉల్లిపాయ సంగతి నాకు పట్టించింది ఆ పేజీలే. మీరూ ఒక నెల రాసి, కింద కామెంట్‌లో పెట్టండి. కావాలంటే నా గళ్ల పేజీ ఫొటో తీసి పెడతాను.