ట్రైపాడ్ లేకుండా మాక్రో తీయాలంటే స్టెబిలైజర్ ఉన్న లెన్సే కొనాలా?

మీ ప్రశ్నలో రెండు పనులు కలిసి ఉన్నాయండీ. ఒకటి, మీ ఆవిడ ఆన్‌లైన్‌లో అమ్మే మంగళగిరి చీరల నేత, అంచు బాగా దగ్గర నుంచి తీయడం. రెండోది, గుంటూరు దగ్గర మీ నాన్నగారి మిరప తోటలో పూతకు పట్టే పురుగుల్ని తీయడం. ట్రైపాడ్ మోయడం కుదరదన్నారు, చేతిలో కెనాన్ క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) బాడీ ఉందన్నారు, స్టెబిలైజర్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉన్న 100 ఎంఎం మాక్రో లెన్స్‌కీ (బాగా దగ్గర నుంచి తీసేది) లేనిదానికీ ధరలో తేడా చూసి ఆగిపోయానన్నారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. చీరల కోసమైతే స్టెబిలైజర్‌కి డబ్బు పెట్టండి. పురుగుల కోసమే అయితే ఆ తేడా డబ్బుతో ఒక ఫ్లాష్ కొనుక్కోండి.

నేను ఉండేది విజయవాడ. మొదట స్టెబిలైజర్ లేని కెనాన్ 100 ఎంఎం వాడాను, తర్వాత ఎల్ సిరీస్‌లో ఐఎస్ (కెనాన్ తన స్టెబిలైజర్‌కి పెట్టిన పేరు) ఉన్నది తీసుకున్నాను. రెండింటితోనూ ఇంచుమించు ఒకే రకం సబ్జెక్టులు తీశాను కాబట్టి తేడా ఎక్కడ తెలుస్తుందో, ఎక్కడ అస్సలు తెలియదో చెప్పగలను.

ముందు షేక్ సంగతి. దూరంగా ఉన్నదాన్ని తీసేటప్పుడు ఫోటోను చెడగొట్టేది కెమెరా పైకీ కిందికీ, పక్కలకీ తిరగడం. కెమెరా మొత్తం అర మిల్లీమీటరు పక్కకి జరిగిందనుకోండి, ప్రకాశం బ్యారేజీ ఫోటోలో ఆ తేడా ఎవరికీ కనపడదు. 1:1 దగ్గర అలా కుదరదు. అక్కడ వస్తువు ఎంత ఉంటే సెన్సర్ మీద అంతే సైజులో పడుతుంది. అంటే చెయ్యి అర మిల్లీమీటరు జరిగితే బొమ్మ కూడా సెన్సర్ మీద అర మిల్లీమీటరు జరుగుతుంది. 24 మెగాపిక్సెళ్ల క్రాప్ బాడీలో అది వంద పిక్సెళ్లకు పైమాటే. షట్టర్ తెరిచి ఉన్న కాస్త సేపట్లో అందులో పదో వంతు జరిగినా ఫోటో మెత్తబడిపోతుంది.

మామూలు స్టెబిలైజర్‌లో ఉండే గైరో సెన్సర్ తిరగడాన్ని మాత్రమే పసిగడుతుంది. జరగడం దానికి తెలియదు. 2006లో నైకాన్ తన 105 ఎంఎం మాక్రోకి వీఆర్ (నైకాన్ స్టెబిలైజర్ పేరు) పెట్టింది, మాక్రో లెన్సుల్లో అదే మొదటిది. కానీ సబ్జెక్టుకి దగ్గరయ్యేకొద్దీ వీఆర్ పని తగ్గిపోతుందని నైకానే చెప్పింది. 2009లో కెనాన్ తెచ్చిన 100 ఎంఎం ఎఫ్/2.8 ఎల్‌లో గైరోతో పాటు యాక్సిలరోమీటర్ కూడా ఉంది, అది పక్కకి జరగడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. దానికే హైబ్రిడ్ ఐఎస్ అని పేరు పెట్టారు. 2016లో వచ్చిన టామ్రాన్ 90 ఎంఎం కూడా ఈ పని చేస్తుంది. కాబట్టి కొనేటప్పుడు లెన్స్ మీద ఐఎస్, వీఆర్, వీసీ అనే అక్షరాలు ఉన్నాయా అని చూస్తే చాలదు, జరగడాన్ని కూడా సరిచేసే రకమా కాదా అని చూడాలి.

అయినా సరే ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. కెనాన్ తన లెన్స్ గురించి చెప్పిన లెక్క ఇది: మామూలు దూరంలో సుమారు 4 స్టాపులు (ఒక్కో స్టాపుకి షట్టర్‌ను రెండింతల సేపు తెరిచి ఉంచొచ్చు), వస్తువు సగం సైజులో పడేటప్పుడు 3, 1:1 దగ్గర 2. మీలాంటి క్రాప్ బాడీ మీద 100 ఎంఎం లెన్స్‌తో 1:1 దగ్గర ఐఎస్ లేకుండా నాకు 1/320 సెకను షట్టర్ స్పీడ్ అయినా కావాల్సి వచ్చేది. రెండు స్టాపులు తగ్గిస్తే 1/80. నా చేతికి ఈ లెక్క దాదాపు సరిపోయింది. మీ చెయ్యి నాకంటే నిలకడగా ఉండొచ్చు, కాఫీ ఎక్కువ తాగేవారైతే ఉండకపోనూ వచ్చు.

1/320 నుంచి 1/80కి దిగడం వల్ల ఏమొస్తుందంటే, చీరల దగ్గర చాలా వస్తుంది. ఇంట్లో టేబుల్ మీద పరిచి తీసే చీరకైతే నాలుగు పుస్తకాలు పేర్చి కెమెరా ఆనించినా నడుస్తుంది. మగ్గాల దగ్గరకి వెళ్లి తీయాలనుకుంటే మాత్రం సంగతి వేరు. మంగళగిరిలో గుంట మగ్గం ఉన్న గది ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. నేతగాడు గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు, చుట్టూ దారాలు, ట్రైపాడ్ కాళ్లు చాపడానికి చోటే ఉండదు. ఉన్నా పలక కొట్టిన ప్రతిసారీ నేల అదురుతుంది, ట్రైపాడ్ కూడా దానితో పాటే అదురుతుంది. అక్కడ చేత్తో పట్టుకుని తీయడమే మేలు.

ఆ గదుల్లో వెలుతురు ట్యూబులైటుదో, చవక రకం ఎల్ఈడీదో. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ, 1/320తో తీస్తే ఒక ఫోటో పసుపుగా, ఇంకోటి చీకటిగా, కొన్నిసార్లు ఒకే ఫోటోలో పట్టీలు పట్టీలుగా వస్తుంది. 1/100తోనో 1/50తోనో తీస్తే లైటు పూర్తి చక్రం ఫోటోలో పడుతుంది కాబట్టి ఆ గొడవ ఉండదు. స్టెబిలైజర్ లేని లెన్స్‌తో 1/50కి దిగడం నా వల్ల అయ్యేది కాదు. నిజాం అంచులోని చిన్న చిన్న గోపురాలు ఫ్రేమ్ నిండా వచ్చేలా, అంటే 1:1 దాకా వెళ్లకుండా సగం సైజులోనో ఇంకా తక్కువలోనో తీస్తే, ఐఎస్‌తో 1/50 దగ్గర కూడా జరీ పోగు పోగూ విడిగా కనపడేలా వస్తుంది. ఈ ఒక్క పనికే నేనైతే ఆ లెన్స్‌కి డబ్బు పెడతాను.

పైగా జరీ మీద నేరుగా ఫ్లాష్ కొట్టకూడదు. తెల్లటి మచ్చ పడి బంగారు రంగు పోతుంది. కిటికీ పక్కన చీరను పరిచి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూసుకుంటే పడుగు, పేక విడివిడిగా కనిపిస్తాయి. అప్పుడు గదిలో లైటు ఆపేయండి. కిటికీ వెలుతురూ ట్యూబులైటూ కలిస్తే చీర రంగు ఒక మూల ఒకలా, ఇంకో మూల ఇంకోలా వస్తుంది. తర్వాత కొన్నవాళ్లు "ఫోటోలో రంగు వేరు, వచ్చిన చీర వేరు" అని మీ ఆవిడకి ఫోన్ చేస్తారు. కెమెరా వెనుకభాగం బట్టకి సమాంతరంగా ఉంచండి, లెన్స్ రంధ్రం (అపర్చర్) ఎఫ్/8 చాలు. మధ్య దూరం నుంచి తీసినప్పుడు నేత మీద ఇంద్రధనుస్సు రంగుల చారలు వస్తే అది లెన్స్ తప్పు కాదు, నేత గళ్లూ సెన్సర్ గళ్లూ ఒకదానితో ఒకటి కలబడటం వల్ల వచ్చేవి. కొంచెం దగ్గరికో దూరానికో జరిగితే పోతాయి.

కొండపల్లిలో తెల్ల పొణికి బొమ్మలకి రంగులేసే దగ్గర కూడా ఇదే పద్ధతి నడుస్తుంది. కదలని వస్తువు, తక్కువ వెలుతురు, ట్రైపాడ్‌కి చోటు లేకపోవడం. ఈ మూడూ కలిసిన చోట స్టెబిలైజర్ తన ఖరీదుకు తగ్గ పని చేస్తుంది.

ఇక మిరప తోట. ఇక్కడ రెండు కదలికలు స్టెబిలైజర్‌కి అందవు. ఒకటి గాలికి పువ్వు ఊగడం. ఇది అందరూ ఊహించేదే. రెండోది మీ ఒళ్లు ముందుకీ వెనక్కీ ఊగడం. వంగి నిలబడి ఊపిరి తీసుకుంటేనే మనిషి కొన్ని మిల్లీమీటర్లు ముందూ వెనకా అవుతాడు. క్రాప్ బాడీలో 1:1 దగ్గర ఎఫ్/8తో ఫోకస్‌లో ఉండే మందం అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఎఫ్/11కి వెళ్లినా ఒక మిల్లీమీటరుకి లోపే. లెన్స్‌లోని ఏ స్టెబిలైజరూ ఈ ముందు వెనకల ఊగుడిని ఆపలేదు. చాలామంది "ఐఎస్ ఉన్నా బ్లర్ వస్తోంది" అని బాధపడేది దీని గురించే. నిజానికి అది బ్లర్ కాదు, ఫోకస్ తప్పడం.

దీనికి నేను చేసేదేంటంటే, ఎడమచేత్తో మొక్క కొమ్మను రెండు వేళ్లతో పట్టుకుని, అదే చేతి మణికట్టు మీద లెన్స్ ఆనిస్తాను. అప్పుడు మొక్కా లెన్సూ కలిసి కదులుతాయి, వాటి మధ్య దూరం మారదు. ఆటోఫోకస్ తీసేసి, కావాల్సిన సైజుకి రింగు తిప్పి వదిలేసి, ఒంటిని మెల్లగా ముందుకి వాల్చుతూ నాలుగైదు ఫోటోలు వరసగా నొక్కుతాను. అందులో ఒకటి కుదురుతుంది. లెన్స్ హుడ్ (లెన్స్ మూతికి తగిలించే తొడుగు) తీసేయండి. 1:1 దగ్గర కెనాన్ లెన్స్ మూతికీ పురుగుకీ మధ్య సుమారు 13 సెంటీమీటర్లే ఉంటుంది, హుడ్ పెడితే వెలుతురుకి అడ్డం.

తామర పురుగుల గురించి ప్రత్యేకంగా అడిగారు. 2021-22 పంటకాలంలో మన గుంటూరు మిరపను నాశనం చేసిన నల్ల తామర పురుగు పువ్వుల్లోనే గుంపుగా ఉంటుంది, సైజు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. మీ సెన్సర్ వెడల్పు 22 మిల్లీమీటర్ల చిల్లర. అంటే 1:1 దగ్గర కూడా ఆ పురుగు ఫ్రేమ్ వెడల్పులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. మీరు చూస్తున్న 100 ఎంఎం మాక్రోల్లో ఏది కొన్నా ఇంతే. లెన్స్ ముందు రేనాక్స్ డీసీఆర్-250 లాంటి +8 డయాప్టర్ క్లోజప్ లెన్స్ తగిలిస్తే దాదాపు రెండింతల సైజు వస్తుంది. అప్పుడిక స్టెబిలైజర్ ఉన్నా లేనట్టే.

అక్కడ పనిచేసేది ఫ్లాష్. 1:1కి వెళ్లేసరికి ఎఫ్/11 అని పెట్టినది వెలుతురు పరంగా ఎఫ్/22 లాగా పనిచేస్తుంది. ఉదయం వెలుతురులో ఆ లెక్కకి షట్టర్ స్పీడ్ రాదు, ఐఎస్‌ఓ (వెలుతురుకి సెన్సర్ సున్నితత్వం) పెంచితే ఫోటోలో నాయిస్, అంటే గరుకు చుక్కలు. ఫ్లాష్‌ను తక్కువ పవర్లో పెడితే దాని మెరుపు సెకనులో పదివేలో వంతుకి దగ్గరగా ఉంటుంది, దాని ముందు మీ చేతి వణుకూ గాలీ లెక్కలోకి రావు. నేను మాన్యువల్ మోడ్‌లో 1/200, ఎఫ్/11, ఐఎస్‌ఓ 200తో మొదలుపెడతాను. ఫ్లాష్‌కీ పురుగుకీ మధ్య పాల రంగు ప్లాస్టిక్ షీటో, బటర్ పేపరో, ఎంత పెద్దది పట్టుకోగలిగితే అంత పెద్దది అడ్డం పెట్టండి. అది లేకపోతే పురుగు వీపు మీద చుక్క మెరుపు తప్ప ఏమీ కనపడదు. వెనకాల మరీ నల్లగా వస్తే ఇంకో ఆకును దగ్గరగా వంచి పెట్టుకుంటే సరి.

ఇంకో సులువు మార్గం, పువ్వును తెల్ల కాగితం మీద తట్టి, రాలిన వాటిని నీడలో తీయడం. ఎన్ని ఉన్నాయో లెక్క కూడా తెలుస్తుంది. అయితే ఫోటో చూసి అది ఫలానా జాతి అని తేల్చడం కష్టం, దానికి మైక్రోస్కోపు కావాలి. మందు కొట్టాలా వద్దా అన్న నిర్ణయానికైతే నమూనా పట్టుకుని లాం ఫామ్‌కి (గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధనా కేంద్రం) వెళ్లడమే మంచిది.

తోటకి పొద్దున్నే వెళ్లండి. డిసెంబరు, జనవరిలో మంచు తడి ఆరేలోపు గాలి తక్కువ, పురుగులు కూడా మందకొడిగా ఉంటాయి. తొమ్మిది దాటితే గాలి లేస్తుంది. ఎండాకాలం సంగతి అడగకండి, మే నెలలో మా బ్లేజ్‌వాడలో ఏసీ గదిలోంచి బయటికి తీసిన లెన్స్ మీద ఆవిరి పట్టి ఏమీ కనపడదు. బ్యాగులోనే పావుగంటో అరగంటో ఉంచి తీయండి.

సరే, రెండు పనులూ ఉన్నాయి, డబ్బు ఒకదానికే ఉంది అంటే? చీరల వల్ల ఇంటికి ఆదాయం వస్తోంది కాబట్టి నేనైతే ముందు ఐఎస్ ఉన్న లెన్స్ తీసుకుంటాను. ఫ్లాష్ తర్వాత కొనుక్కోవచ్చు, చవక రకం మాన్యువల్ ఫ్లాష్ అయినా మాక్రోకి సరిపోతుంది. ఈఎఫ్ లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలకండి, రేపు మిర్రర్‌లెస్ బాడీకి మారినా అడాప్టర్‌తో పనిచేస్తుంది. కొనేముందు మీ బాడీకి తగిలించి, దగ్గరి వస్తువు మీద షట్టర్ సగం నొక్కి పట్టుకోండి. సన్నగా గుర్రుమనే శబ్దం వచ్చి, ఒక క్షణంలో వ్యూఫైండర్‌లో బొమ్మ నిలబడాలి. నిలబడకుండా ఎగిరెగిరి పడుతుంటే వద్దు. కెమెరా నుంచి తీసి ఊపితే లోపల చిన్నగా కదిలినట్టు వినపడటం మామూలే, దానికి భయపడక్కర్లేదు. ఫోకస్ లిమిటర్ (ఫోకస్ వెతికే దూరాన్ని పరిమితం చేసేది) స్విచ్ మూడు స్థానాల్లోనూ పనిచేస్తోందో లేదో కూడా చూడండి.

మీ బాడీ మోడల్ ఏదో చెప్పలేదు. చెబితే దాని ఫ్లాష్ సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో వాడగలిగే గరిష్ఠ షట్టర్ స్పీడ్) ఎంతో, ఏ ఫ్లాష్ సరిపోతుందో రాస్తాను.