పిసకొద్దే అమ్మడూ

అమ్మడూ,

నువ్వు చేసి వాట్సాప్‌లో పంపిన బిస్కెట్ల ఫోటో చూశాను. అదే, మన చాయ్ బిస్కెట్లు కాదు, ఇక్కడి వాళ్ళ పొరలుపొరలుగా పొంగే మెత్తటి చిన్న రొట్టెలు. మీ అత్తయ్య కూడా చూసి "ఇవేంటి, పిడకలా?" అంది. నేను మాత్రం నవ్వలేదు. నా మొదటి ట్రే అంతకంటే అధ్వాన్నం.

ఇక్కడ అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో మేకన్ ఊరి పక్కన మేం కొన్న గ్యాస్ స్టేషన్‌లో చిన్న కిచెన్ ఉండేదని నీకు తెలుసుగా. తెల్లారకముందే ట్రక్కుల వాళ్ళు, కట్టుబడి పనులకి పోయేవాళ్ళు బిస్కెట్ల కోసం వచ్చేవాళ్ళు. ఒకరోజు వంటావిడకి జ్వరమొస్తే నేనే దిగాను. చపాతీ పిండి పిసికిన చేతులకి ఇదో లెక్కా అనుకుని పది నిమిషాలు శ్రద్ధగా పిసికాను. ఒక పెద్దాయన బిస్కెట్ కొనుక్కుని, దాన్ని కౌంటర్ మీద టకటకా రెండుసార్లు కొట్టి, అక్కడే పెట్టేసి కాఫీ మాత్రం పట్టుకుపోయాడు. మర్నాడు వంటావిడ సంగతి విని, ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకోమంది. ఒక్క చేత్తోనే కలపమంది. వారం రోజులు అలాగే కలిపాను.

నువ్వూ పిసికావు. ఫోటోలోనే తెలిసిపోతోంది. తడి తగిలిన గోధుమ పిండిని మర్దించేకొద్దీ అందులో గ్లూటెన్ అనే సాగే జిగురు గట్టిపడుతుంది. చపాతీకి అదే కావాలి. దీనికి అదే వద్దు.

రెండో తప్పు పిండి. ఇక్కడి వాళ్ళు సాఫ్ట్ రెడ్ వింటర్ అనే మెత్తరకం గోధుమ పిండి వాడతారు. వైట్ లిల్లీ అని 1883లో టెనెసీలోని నాక్స్‌విల్‌లో పుట్టిన బ్రాండు ఉంది. ఇప్పుడు అక్కడ ఆడించడం లేదు కానీ, ఇక్కడి ఆడవాళ్ళు ఇంకా ఆ సంచీ కోసమే వెతుకుతారు. అందులో ప్రొటీన్ 9 శాతం దగ్గర ఉంటుంది. మామూలు ఆల్ పర్పస్ పిండి, అంటే మన మైదాలాంటిది, అందులో 10 నుంచి 12 దాకా పోతుంది. మీ న్యూజెర్సీలో అది దొరక్కపోతే సగం కేక్ ఫ్లోర్ (కేకులకి వాడే మెత్తటి పిండి), సగం ఆల్ పర్పస్ కలుపు. చపాతీ ఆటా జోలికి పోకు. మీ అమ్మ ఆరోగ్యం పేరు చెప్పి పొయ్యమంటుంది, వినకు.

సెల్ఫ్ రైజింగ్ అని రాసున్న సంచీ అయితే బేకింగ్ పౌడర్, ఉప్పు అందులోనే ఉంటాయి, మళ్ళీ వెయ్యకు. మామూలు పిండయితే 2 కప్పులకి 1 టేబుల్ స్పూన్ బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ వంటసోడా, ముప్పావు టీస్పూన్ ఉప్పు. నీ బేకింగ్ పౌడర్ డబ్బా ఎప్పుడు తెరిచిందో ఏమో, ఒక చెంచా వేడినీళ్ళలో వేసి చూడు. బుసబుసా పొంగకపోతే పారెయ్యి.

ఇక వెన్న. 2 కప్పులకి 6 టేబుల్ స్పూన్లు, అంటే 85 గ్రాములు. ఉప్పు లేనిదైతే మంచిది. ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, కొబ్బరి కోరినట్టు తురిమి పిండిలో వేసి వేళ్ళ కొసలతో కలుపు. అరచెయ్యి తగలకూడదు, ఆ వేడికే కరిగిపోతుంది. అక్కడక్కడా బఠాణీ గింజంత ముక్కలు ఉండిపోవాలి. వెన్నలో కొంత నీళ్ళుంటాయి. ఓవెన్ వేడికి ఆ నీళ్ళు ఆవిరై పొరల్ని పైకి లేపుతాయి. ముందే కరిగిపోయిందా, ఇక పొరలనేవే ఉండవు. పాతకాలం వాళ్ళు పంది కొవ్వు వేసేవాళ్ళు. రుచి బాగానే ఉంటుంది కానీ, మీ అమ్మ వచ్చినప్పుడు మీ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టదు. వెన్నే వాడు.

ఇక్కడ అమ్మే బటర్‌మిల్క్ మన మజ్జిగ కాదు. తోడువేసిన చిక్కటి పాలు, పుల్లగా ఉంటాయి. మన పలచటి మజ్జిగ పోస్తే పిండి జావైపోతుంది. ఇంట్లో పుల్ల పెరుగుంటే కొంచెం పాలు పోసి చిలుకు, అచ్చం అలాగే వస్తుంది. ముప్పావు కప్పు చల్లగా పొయ్యి, చాలకపోతే ఇంకొంచెం. గరిటెతో పదిహేను తిప్పులు. పొడిపొడిగా, అతుకులతుకులుగా, చూస్తే అసహ్యంగా ఉంటుంది. నీ చెయ్యి ఆగదు, నాకు తెలుసు. అక్కడే ఆపు.

బల్ల మీద పిండి జల్లి, ముద్దని చేత్తో అద్ది చదును చెయ్యి. అప్పడాల కర్ర అక్కర్లేదు. ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు వేసి మళ్ళీ అద్దు. ఇలా మూడు నాలుగుసార్లు. తాపేశ్వరం మడత కాజా పొరలు ఎలా వస్తాయో గుర్తు తెచ్చుకో, ఇదీ దాని చుట్టమే. చివరికి అంగుళం మందం ఉండాలి. నీవి అరంగుళమే ఉన్నాయి, ఇంక ఏం పొంగుతాయి?

గుండ్రంగా కోసే కట్టర్‌ని పొడి పిండిలో ముంచి నిటారుగా దించి, నిటారుగా తియ్యి. మెలితిప్పితే అంచులు నలిగి అతుక్కుపోతాయి, ఒక పక్కకి ఒరుగుతుంది. కట్టర్ లేకపోతే కత్తితో చదరాలుగా కొయ్యి. నాకైతే అదే ఇష్టం, తుక్కు మిగలదు. పోత ఇనుప మూకుడుంటే అందులో, లేకపోతే ట్రేలో, ఒకదానికొకటి ఆనేలా సర్దు. దూరదూరంగా పెడితే పక్కలు గట్టిపడతాయి. పైన కరిగిన వెన్న రాసి, ముందే 450 ఫారెన్‌హీట్‌కి కాగిన ఓవెన్‌లో 14, 15 నిమిషాలు. తక్కువ వేడిలో ఎక్కువసేపు పెడితే ఎండిపోతాయి. మధ్యలో తలుపు తెరవకు.

అన్నట్టు, అల్లుడు ఎక్కడో చదివి "పిండిని బాదాలట కదా మామయ్యా" అని ఫోన్ చేశాడు. అది బేకింగ్ పౌడర్ లేని రోజుల మాట. అప్పట్లో పిండిని రోకలితోనో గొడ్డలి వెనకవైపుతోనో అరగంట పైనే బాదేవాళ్ళు. అవి కరకరలాడే గట్టి బిస్కెట్లు, వేరే జాతి. ఆయన్ని వెన్న తురమడానికి పెట్టు, ఊరుకుంటాడు.

తినేటప్పుడు కత్తితో కొయ్యకు, చేత్తో విప్పు. వెన్న, తేనె చాలు. ఇక్కడ సోర్గమ్ సిరప్ అని అమ్ముతారు. తీపి జొన్న కాడల రసం కాచిన పాకం. మొదటిసారి నాకితే బెల్లం పాకం గుర్తొచ్చి అరసీసా నేనే ఖాళీ చేశాను. నీకో సీసా పోస్టులో పంపుతున్నాను.

ఆదివారం మళ్ళీ చెయ్యి. ఈసారి ఫోటో పైనుంచి కాదు, పక్కనుంచి తియ్యి. నాకు పొరలు కనపడాలి.

ఆశీస్సులతో,
మామయ్య