నీ తర్వాతివాళ్లు విప్పగలిగే వాచీ చెయ్యి

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం, దాంతో గీసి పంపిన వాచీ బొమ్మలు అందాయి. మొదటి వాచీకే మిషను, అంటే లోపల నడిపించే చక్రాల యంత్రం, మొత్తం సొంతంగా కోసుకుంటానని రాశావు. చెయ్యగలవు, నీ చేతిమీద నాకు అనుమానం లేదు. కానీ ఇప్పుడే వద్దు. మొదటి పది వాచీలూ పదిమందికీ తెలిసిన మిషనుతోనే చెయ్యి.

స్విస్ కంపెనీ ఈటీఏ వాళ్ల 6497-1 తీసుకో. జేబు గడియారాల కోసం పుట్టిన మిషను అది. వెడల్పు 36.6 మిల్లీమీటర్లు, రాపిడి తగ్గించే రాళ్లు 17, గంటకు 18,000 టిక్కులు, అంటే సెకనుకు ఐదు. చక్రాలు పెద్దవి కాబట్టి నీ తప్పు నీకే కనబడుతుంది. పనితనమంతా కేసు, డయలు, ముళ్ల మీద చూపించు. చక్రాలను పట్టి ఉంచే బ్రిడ్జిల అంచులు వాలుగా చెక్కి మెరుగు పెట్టాలనుందా, పెట్టు. లోపలికి తిరిగిన మూల పదునుగా తేలాలంటే చేత్తో ఆకురాయి పట్టాల్సిందే, గిర్రున తిరిగే పనిముట్టు అక్కడ దూరదు.

నూనె సంగతి మాత్రం నిదానంగా చదువు. తక్కువైతే ఇరుసులు అరిగిపోతాయన్న భయంతో మొదట్లో నేను ఎక్కువ వేసేవాణ్ణి. ఎక్కువైన చుక్క వేసినచోట ఉండదు. పక్కకు పాకుతూ, ఉండాల్సిన నూనెను కూడా వెంట లాక్కుపోతుంది. అలా నేను ముంచిన వాచీలే ఏడాది తిరక్కుండా ఎండిపోయి వెనక్కొచ్చాయి. నెమ్మదిగా, బరువు మోస్తూ తిరిగే చక్రాలకు చిక్కటి నూనె, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఇరుసులకు పల్చటిది. చక్రాన్ని పన్ను పన్నుగా ఆపి వదిలే పాలెట్ రాళ్ల ముఖాలకు గ్రీజు, పాలెట్ ఇరుసులకు అసలేమీ వద్దు. ఇంగ్లండు వాచీల పనివాడు జార్జ్ డేనియల్స్ అంతటివాడు 1970ల్లో కో-యాక్సియల్ ఎస్కేప్‌మెంట్ (చక్రాలను ఆపి వదిలే కొత్తరకం ఏర్పాటు) కనిపెట్టింది ఈ నూనె బెడద వదిలించుకోవడానికే. రాళ్ల మీద పళ్ల రాపిడి తగ్గితే నూనె ముదిరినా నడక చెడదని ఆయన పట్టు. పెద్ద కంపెనీలు అంత తొందరగా నమ్మలేదు. ఒమేగా దాన్ని వాచీల్లో పెట్టి అమ్మేసరికి 1999 వచ్చింది.

టైము దిద్దేటప్పుడు అంకెల పిచ్చి పెట్టుకోకు. రోజుకు 86,400 సెకన్లు. ఎనిమిది సెకన్లు తప్పినా పదివేలలో ఒక వంతు కాదు. కచ్చితంగా నడిచే వాచీలకు క్రోనోమీటరు పత్రం ఇచ్చే స్విస్ పరీక్షా సంస్థ సీఓఎస్‌సీ కూడా రోజుకు సగటున నాలుగు సెకన్లు వెనక, ఆరు ముందు వరకు ఒప్పుకుంటుంది. నువ్వు చూడాల్సింది ఊపు. కీ నిండా ఇచ్చి పడుకోబెడితే బ్యాలెన్స్ చక్రం 270 నుంచి 300 డిగ్రీలు ఊగాలి. నిలబెడితే కొంత తగ్గుతుంది, అది మామూలే. 220కి దిగిపోతే మాత్రం నడక వేగం దిద్దే రెగ్యులేటరు ముట్టుకోకు, విప్పి కడుగు.

ఇక నేను సిగ్గుపడే సంగతి. చాలాకాలం కిందట ఒక వాచీకి కేసు మరలు నా సొంత కొలతతో తిప్పాను. ఎవరి దగ్గరా దొరకని మర ఉండటం గొప్పనుకున్నాను. ఏళ్ల తర్వాత అందులో ఒకటి విరిగితే, దాన్ని రిపేరుకు తీసుకున్నవాడు జిగురు పెట్టి మూత అతికించాడు. వాణ్ణి తిట్టుకున్నాను గానీ వాడేం చేస్తాడు? ఆ కొలత నాకే గుర్తులేదు. అందుకే మరలు, రబ్బరు రింగులు, గాజు బజారులో దొరికే కొలతలకే పెట్టుకో. పట్టీ వెడల్పు 20 మిల్లీమీటర్లు ఉంచు, ఎక్కడైనా దొరుకుతుంది. రబ్బరు గట్టిపడుతుంది కాబట్టి విప్పినప్పుడల్లా కొత్తది వెయ్యాలి, ఆ మాట కొన్నవాళ్లకు ముందే చెప్పు. వాడిన ప్రతి కొలతా ఒక కాగితం మీద రాసి వాచీతోపాటే ఇవ్వు.

తయారవగానే ఎవరికీ ఇచ్చెయ్యకు. మూడు నెలలు నువ్వే పెట్టుకు తిరుగు. కీ బుడిపె చేతిలోకి గుచ్చుకోవడం, మసక వెలుతురులో ముళ్లు డయల్లో కలిసిపోవడం బల్లముందు కూర్చుంటే తెలియవు.

అన్నట్టు, నీ బొమ్మలో సెకను ముల్లు ఆరు దగ్గర గీశావు. 6497లో అది తొమ్మిది దగ్గర వస్తుంది. ఆరు దగ్గరే కావాలంటే 6498 తెప్పించుకో, డయలుకు రంధ్రం వేయకముందే.

ఆశీస్సులతో,
మీ మాస్టారు