ఎడమ నుంచి మూడోది

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఖతార్ రాజధాని దోహా మీద నువ్వు రాసిన ప్రయాణ వ్యాసం పోయిన ఆదివారమే అందింది. వెంటనే జవాబు రాయనందుకు ఏమీ అనుకోకు. మొదట ఊరికే చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ఆ తర్వాత నువ్వు ఫోన్‌లో చెప్పిన ఒక మాట గుర్తొచ్చి మూడోసారి చదివాను. ఆ మాట దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు నాకు నచ్చిన చోటు చెప్తాను. విమానాశ్రయంలో రెడ్ లైన్ మెట్రో ఎక్కడం, మ్షీరెబ్ స్టేషన్‌లో మారడం, గోల్డ్ లైన్‌లో ఒక్క స్టేషన్ వెళ్ళి సూక్ వాకిఫ్ బజారు దగ్గర దిగడం, టికెట్ రెండు మూడు రియాళ్ళేనని తెలిసి మీ ఆయన తీసిన పెద్ద నోటు మళ్ళీ పర్సులో పెట్టుకోవడం. ఆ నాలుగు వాక్యాల్లో నేనూ మీ పక్కనే నడిచాను. కొత్తగా పెళ్ళయిన ఇద్దరు, భుజాన చెరో బ్యాగు, అమెరికా విమానానికి ఇంకా పద్నాలుగు గంటల టైం. ఊరంతా చూసేయాలన్న ఆత్రం నీ వాక్యాల నడకలోనే తెలిసింది.

బజారులోకి అడుగు పెట్టగానే మాత్రం నువ్వు కనబడకుండా పోయావు. మీ ఆయనా కనబడలేదు. అక్కడి నుంచి ‘అద్భుతం’ అన్న మాట ఏడుసార్లు వచ్చింది. ‘ఎడారిలో వెలసిన స్వర్గం’ అన్నావు, ‘ఆకాశాన్ని తాకే మేడలు’ అన్నావు. ఆ పేరాల్లో దోహా అన్నచోట దుబాయ్ అని పెట్టి చదివి చూడు. ఇంకేమీ మార్చక్కర్లేదు. నీ వ్యాసంలో నాకు కనబడిన పెద్ద లోపం ఇదే, మిగతావన్నీ దీని వెంట వచ్చినవే.

సూక్ వాకిఫ్ గురించి ‘వందల ఏళ్ళ నాటి మట్టిగోడలు’ అని రాశావు. బజారు పాతదే, గోడలు పాతవి కావు. 2003 లో అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఆ తర్వాతే మధ్యలో పుట్టుకొచ్చిన కొత్త కట్టడాలు తీసేసి, మట్టిపూత, చెక్క దూలాలతో పాత తీరులో మళ్ళీ కట్టారు. కొత్తగా కట్టారని తెలిస్తే నీ ఆనందం తగ్గుతుందని భయపడకు. ఎత్తు మేడల మోజులో ఉన్న ఒక ఊరు, ఎందుకో ఒకచోట ఆగి, తాతల నాటి బజారు ఎలా ఉండేదో గుర్తు చేసుకుని కట్టుకుంది. ఎందుకు ఆగింది అన్న ప్రశ్న ‘వందల ఏళ్ళ’ కన్నా ఎంతో బాగుంటుంది. ‘వాకిఫ్’ అంటే నిలబడిన అని అర్థం. వాగు నీళ్ళు, సముద్రపు పోటు దగ్గరదాకా వచ్చే చోటు కాబట్టి అమ్మేవాళ్ళు కూర్చోకుండా నిలబడే అమ్మేవారట. పేరులోనే అంత బొమ్మ ఉంటే నువ్వు ‘రంగురంగుల దుకాణాలు’ అని దాటేశావు.

దుకాణం అంటే గుర్తొచ్చింది. నీ ఫోటోల్లో ఒక ముసలాయన ఉన్నాడు, ముదురు ఎరుపు కోటు వేసుకుని ఒంటిచక్రం బండి తోస్తున్నాడు. కింద ‘పోర్టర్’ అని రాశావు. అక్కడ వాళ్ళనేమంటారో తెలుసా? హమాలీ అంటారు. మన రైల్వే గూడ్స్ షెడ్డులో, మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాళ్ళని మనం పిలిచే పేరే. అది అరబ్బీ మాట. దుకాణం కూడా ఆ దారినే మనకు వచ్చింది, నువ్వు కొన్న అత్తరూ అంతే. ఎక్కడో పరాయి ఎడారిలో దిగి, మన సంతలో వినబడే మాట విన్నప్పుడు కలిగే ఉలికిపాటు చదివేవాళ్ళకీ కలగాలి. నువ్వు దాన్ని ఇంగ్లీషు మాటతో కప్పేశావు. చేతిలో తెలుగు ఉన్నవాళ్ళకు ఆ ఊళ్ళో ఎవరికీ దొరకని తలుపులు కొన్ని తెరుచుకుంటాయి, అవి వెతుక్కో.

సముద్రపు ఒడ్డు దారి కార్నిష్ మీద ముత్యపుచిప్ప శిల్పం దగ్గర మీ ఇద్దరూ ఫోటో దిగారు. ‘అందమైన ఫౌంటెన్’ అని ఒక్క ముక్కలో సరిపెట్టావు. మీ అమ్మ నీ పెళ్ళికి చార్మినార్ దగ్గర ముత్యాల దండ కొన్నదని నాకు తెలుసు. హైదరాబాద్‌లో ఇప్పటికీ పాత మేలు ముత్యాన్ని బస్రా ముత్యం అంటారు. పేరు ఇరాక్‌లోని బస్రా రేవుదైనా అది ఈ గల్ఫ్ నీళ్ళ అడుగు నుంచి మనుషులు ఊపిరి బిగబట్టి తెచ్చినదే. ఖతార్ బతుకంతా ఒకప్పుడు ఆ ముత్యాల మీదే నడిచింది. 1930 లకు వచ్చేసరికి జపాన్ వాళ్ళు పెంచిన ముత్యాలు మార్కెట్లోకి దిగి ఆ బతుకు కూలింది. ఆ ఊరి ఆకలికాలం అది. ఆ దేశంలోనే దుఖాన్ అనే చోట చమురు పడింది ఆ తర్వాతే. ఇంకొకటి చెప్తాను. 1966 దాకా ఖతార్‌లో చెల్లిన డబ్బు రూపాయి. 1959 లో మన రిజర్వ్ బ్యాంకే గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా నోట్లు వేసింది. మీ ఆయన పర్సులోకి వెళ్ళిపోయిన ఆ పెద్ద నోటు పక్కన ఈ సంగతి పెట్టి చూడు. ఎక్కడో విడిగా చరిత్ర పేరా రాయకు. నోటు చేతిలో ఉన్న క్షణంలోనే చెప్పు.

ఇక మ్యూజియం. ఇస్లామిక్ కళల మ్యూజియానికి నువ్వు మూడు పేరాలు ఇచ్చావు, అందులో సగం లోపలి వస్తువుల జాబితా. నేను ఉంచేది రెండు సంగతులే. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం ముందు గాజు పిరమిడ్ కట్టిన ఆర్కిటెక్ట్ ఐ.ఎం. పేయ్ ఈ పనికి ఒప్పుకునేటప్పటికే పెద్దవాడు. 2008 లో దీన్ని తెరిచేనాటికి ఆయనకు తొంభై దాటాయి. ఆ వయసులో ఇస్లామిక్ కట్టడాల సారం ఏమిటో తనకు తెలియదని ఒప్పుకుని, దేశాలు తిరిగాడు. చివరికి కైరోలో ఇబ్న్ తులూన్ మసీదు ముంగిట్లో, కాళ్ళు చేతులు కడుక్కునే చిన్న మండపం దగ్గర ఆగాడు. దాని మీద పడే ఎండా నీడా చూశాక తనకు కావలసింది దొరికిందనుకున్నాడు. రెండోది, తన కట్టడానికి అడ్డంగా రేపు ఇంకో మేడ లేస్తుందేమోనని, ఒడ్డుకు కాస్త ఎడంగా సముద్రంలో దీవి వేయించుకుని దాని మీద కట్టాడు. ఒక్క చిన్న మండపాన్ని చూడటానికి అంత దూరం వెళ్ళిన మనిషి గురించి రాస్తూ నువ్వు ఏ వస్తువు దగ్గరా ఒక నిమిషం ఆగలేదు. ఒక్కటి ఎంచుకో. ఏదో ఒక్క పళ్ళెమో, తివాచీయో, నువ్వు నిజంగా ఆగి చూసినది.

ఈ మ్యూజియం విషయంలో నేను చేసిన తప్పు ఒకటి నీకు చెప్పాలి. కొన్నేళ్ళ కింద మా అమ్మాయి దగ్గరికి వెళ్తూ నేనూ మా ఆవిడా దోహాలో ఒక పగలు ఆగాం. ఆవిడకు మోకాళ్ళ నొప్పి. ‘మీరు చూసి రండి, నేనిక్కడ కూర్చుంటా’ అని మ్యూజియం పక్క పార్కులో బెంచీ మీద కూర్చుండిపోయింది. నేను గంటన్నర లోపల తిరిగి వచ్చాను. రాత్రి విమానంలో ఆవిడ చెప్పింది. ఆ బెంచీ దగ్గరికి ఇద్దరు పిల్లల్ని ఆడించడానికి తీసుకొచ్చిన ఒకామె, చీర చూసి పలకరించిందట. రాయచోటి దగ్గర పల్లె ఆమెది. తన పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉన్నారట. పిల్లలు ఉయ్యాల ఊగుతున్నంతసేపూ ఆమె ఊళ్ళో కందిపప్పు ధర ఎంతుందో, వానలు పడ్డాయో లేదో అడుగుతూనే ఉందట. మా ఆవిడ తన బ్యాగులో ఉన్న చేగోడీల పొట్లం ఆమె చేతిలో పెట్టి వచ్చింది. నేను అంతా విన్నాను. ఇంటికొచ్చి పేయ్ గురించి, ఉత్తరం వైపు ఉన్న నలభై అయిదు మీటర్ల గాజు కిటికీ గురించి వ్యాసం రాశాను. అచ్చయింది కూడా. మా ఆవిడ చదివి పత్రిక మడిచి పక్కన పెట్టి, ‘నేను కూర్చున్న బెంచీ ఇందులో లేదు’ అంది. ఇన్నేళ్ళయినా ఆ మాట నన్ను వదల్లేదు. జంటగా వెళ్ళినప్పుడు ఊరు రెండు జతల కళ్ళలో పడుతుంది. నేను నా కళ్ళకే ఊరు దక్కిందనుకున్నాను. నువ్వు ఆ పని చేయకూడదని ఇంత రాస్తున్నాను.

ఇప్పుడు నీ ఫోన్ మాట.

మీ ఆయన మేనమామ దోహాలో పదకొండేళ్ళు సెంట్రింగ్ పని చేసి వచ్చాడన్నావు. జగిత్యాల పక్క ఊరు. ఇప్పుడు రెండెకరాల్లో పసుపు వేసుకుంటున్నాడు. ఊళ్ళో అందరికీ ఆయన ‘దుబాయ్ పోయొచ్చినాయన’. ఆ పల్లెల్లో గల్ఫ్‌లో ఏ దేశం పోయినా దుబాయ్ పోయినట్టే. మీరు బయలుదేరేముందు ఆయన చెప్పాడట, ‘పడవలు ఆగే కాడ సముద్రం మొఖాన నిలబడురి. అవుతలి ఒడ్డున బిల్డింగులు కనవడ్తయ్. ఎడమ దిక్కు నుంచి మూడోది మేం కట్టిందే’ అని. సాయంత్రం కార్నిష్ మీద, చెక్క పడవల పక్కన, మీ ఆయన అటు చూస్తూ లెక్కపెట్టాడు. ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో తెలియలేదు. మామ వచ్చేశాక కొత్తవి ఎన్ని లేచాయో. నాలుగడుగులు ఇటు జరిగితే మూడోది నాలుగోది అవుతోంది. చివరికి ఒకదాన్ని ఫోటో తీసి, ‘ఇదేననుకుందాం’ అన్నాడన్నావు. ‘వ్యాసంలో ఇది బాగోదు కదా మాస్టారూ, టూరిస్టు వ్యాసం కదా’ అని నన్నడిగావు.

అమ్మా, నీ ప్రయాణంలో నీకు మాత్రమే దొరికింది అదే. ఆ మేడల్ని రోజూ వేలమంది చూస్తారు. వాటిలో మేనమామ మేడ వెతికినవాడు నీ పక్కనే నిలబడ్డాడు.

దీన్ని రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ‘పాపం’ అన్న మాట రానివ్వకు. ఆయన ఆ మేడని ‘మేం కట్టింది’ అన్నాడు, ఆ గొంతులో ఉన్నది గర్వం. దాన్ని జాలిగా మార్చే హక్కు మనకు లేదు. అలాగని ఆయన పడ్డ కష్టం దాచకు. మీరు ఫిబ్రవరిలో, చల్లగాలిలో అక్కడ నిలబడ్డారు. ఆయన జూన్‌లో నిలబడ్డాడు. 2021 నుంచి అక్కడ జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదన్న నియమం ఉంది. ఆయన ఉన్న రోజుల్లో ఎలా ఉండేదో, ఎన్నింటికి క్యాంపు నుంచి బస్సు బయలుదేరేదో, సద్దిలో ఏం కట్టుకునేవాళ్ళో ఫోన్ చేసి అడుగు. కనీస జీతం వెయ్యి రియాళ్ళన్న చట్టమూ 2021 లోనే అమలైంది. ఆయన అందుకున్నదెంతో ఆయన చెప్తేనే రాయి. పద్నాలుగు గంటలు ఉన్న ఊరిని స్వర్గమనడానికీ నరకమనడానికీ మనం సరిపోం. చూసింది రాస్తే చాలు, విన్నది ఎవరి దగ్గర విన్నామో చెప్తే చాలు.

ఎప్పుడైనా మళ్ళీ అక్కడ ఆగితే, సూక్ వాకిఫ్ నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో మ్షీరెబ్ మ్యూజియాలున్నాయి, చూసి రండి. నాలుగు పాత ఇళ్ళని బాగుచేసి పెట్టారు. ఒకటి చమురు కంపెనీ మొదటి ఆఫీసు, అక్కడ తొలినాళ్ళ కూలీల కథలు చెప్తారు. బిన్ జల్మూద్ ఇల్లు బానిసత్వం గురించి. ఖతార్‌లో బానిసత్వాన్ని 1952 లో రద్దు చేశారు. అది ఆ దేశమే తన గురించి తాను చెప్పుకున్న సంగతి. బయటివాళ్ళం తీర్పులు చెప్పేముందు అక్కడ ఒక గంట గడపడం న్యాయం.

విమానాశ్రయంలోని పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మతో నీ వ్యాసం మొదలైంది. ఆ పేరా మొత్తం తీసెయ్. మెట్రో ఉంచు. హమాలీ ఉండాలి, ముత్యం ఉండాలి, రూపాయి ఒక్క వాక్యంలో చాలు. మ్యూజియంలో ఒకే ఒక్క వస్తువు. అత్తరు కొట్టు బేరం రెండు పేరాలు అక్కర్లేదు. మీ ఇద్దరి మధ్య టాక్సీలో వచ్చిన చిన్న గొడవ దాచావు కదా, కాస్త కనబడనివ్వు. టైం తక్కువ ఉన్నప్పుడు ఎటు వెళ్ళాలన్న దానిమీద మాటా మాటా వస్తుంది, అందరికీ తెలిసిందే. చదివేవాళ్ళు మిమ్మల్ని నమ్మేది అక్కడే.

తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. మీ ఆయనకు ఒక కాగితం ఇచ్చి, ఆ రోజు తనకు గుర్తున్న అయిదు విషయాలు రాయమను. నువ్వు వేరే గదిలో కూర్చుని నీ అయిదు రాసుకో. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడు. కలవనివే ముందు రాయి.

ఇంకోటి, ఆ ఫోటో మామకు పంపారా? పంపి, అది ఎడమ నుంచి ఎన్నోదో ఆయన్నే అడగండి. ఆయన ఏమంటాడో విన్నాక రాయడం మొదలుపెట్టు. తొందరేం లేదు, నేను ఎదురుచూస్తుంటాను.

నీ శ్రేయస్సు కోరే,
మాస్టారు