పైవాళ్ల ఒత్తిడి ముందు సైన్స్ నిజం నిలబడుతుందా? ఒక క్యూసీ అనలిస్ట్ జవాబు

"పైవాళ్లు ఒత్తిడి తెస్తే సైన్స్ ఫలితాలు మారవా? సైంటిస్టులు అంత నిజాయితీపరులా?" అని అడిగారు. నేను సైంటిస్టును కాదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీల క్యూసీ ల్యాబుల్లో, అంటే మందుల నాణ్యత పరీక్షించే క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో, చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మనుషుల మంచితనాన్నే నమ్ముకుని ఉంటే సైన్స్ ఎప్పుడో పడిపోయేది. దాన్ని నిలబెట్టేది రాసిపెట్టే పద్ధతి అని నా అనుభవం.

కొత్తగా చేరినవాళ్లకు మా దగ్గర ముందు నేర్పేది రాయడమే. అంకె తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు, దాని మీదే దిద్దకూడదు. ఒక్క గీత కొట్టాలి, పాత అంకె చదవడానికి వీలుగా ఉండాలి. పక్కన సరైన అంకె, ఎందుకు మార్చామో, సంతకం, తేదీ. బ్యాలెన్స్ నుంచి వచ్చిన తూకం ప్రింట్ రికార్డుకు అంటించాలి. హెచ్‌పీఎల్‌సీలో (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) ఎవరి లాగిన్‌తో ఏ శాంపిల్ ఎన్నింటికి ఇంజెక్ట్ అయిందో, గ్రాఫ్‌లో ఏ పీక్‌ను ఎవరు మళ్లీ ఇంటిగ్రేట్ చేశారో (లెక్క కట్టారో) అంతా ఆడిట్ ట్రెయిల్‌లో, అంటే కంప్యూటర్ దానంతటదే రాసుకునే రికార్డులో, ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత ముక్కూ మొహం తెలియని ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగినా ఆ రోజు ఏం జరిగిందో కనబడాలి.

ఇక ఒత్తిడి సంగతి. "అబద్ధం రాయి" అని నాతో ఎవరూ అనలేదు. నెలాఖరున డిస్పాచ్ టెన్షన్‌లో వచ్చే మాట వేరు: "ఏదో తేడా కొట్టినట్టుంది, రికార్డు చేసే ముందు ఇంకో ఇంజెక్షన్ వేసి చూడమ్మా." వినడానికి ఎంత మామూలుగా ఉందో చూడండి. కానీ మొదటి ఫలితాన్ని రాయకుండా వదిలేయమనే దాని అర్థం. ఒకసారి ఒక బ్యాచ్‌లో, 0.10 శాతం దాటకూడని ఇంప్యూరిటీ (మలినం) 0.16 వచ్చింది. ప్రొడక్షన్ హెడ్ ఫోన్ చేసి ఇదే మాట అన్నారు. మా సెక్షన్ హెడ్ మేడమ్ గొంతు పెంచలేదు. "సరే సార్, అదే ఒక మెయిల్ పెట్టండి, చేసేస్తాం" అన్నారు. మెయిల్ రాలేదు. ఓఓఎస్ (అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్, అంటే పెట్టుకున్న పరిమితి దాటిన ఫలితం) అని నమోదు చేశాం. కాలమ్, స్టాండర్డ్, డైల్యూషన్ అన్నీ వెతికినా ల్యాబ్ వైపు తప్పు దొరకలేదు, బ్యాచ్ ఆగిపోయింది. ఆ ఏడాది మేడమ్‌కు రావాల్సిన ప్రమోషన్ ఇంకొకరికి వెళ్లింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

నోటిమాటగా చెప్పేవాళ్ల పేరు ఎక్కడా ఉండదు, సంతకం పెట్టిన చిన్న ఉద్యోగి పేరే ఉంటుంది. జవాబుదారీతనం జారిపోయేది సరిగ్గా అక్కడే. అందుకే క్వాలిటీ విభాగానికి బ్యాచ్‌ను ఆపే అధికారం విడిగా ఉండాలని నిబంధనలు పెట్టారు. 1993లో బార్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసులో అమెరికా కోర్టు, పాసయ్యేదాకా టెస్టులు చేసుకుంటూ పోవడం కుదరదని తేల్చింది. రాన్‌బాక్సీ అనే మన దేశపు మందుల కంపెనీలో డేటా కల్పించారని అక్కడే పనిచేసిన దినేశ్ ఠాకూర్ బయటపెట్టారు. 2013లో ఆ కంపెనీ నేరం ఒప్పుకుని, 50 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది. ఠాకూర్ ఉద్యోగం వదిలింది 2005లో. మధ్యలో ఎనిమిదేళ్లు ఆ మందులు వాడినవాళ్ల సంగతి ఆలోచించండి.

కంపెనీ లోపల ఎంత పద్ధతిగా ఉన్నా చాలదు, బయటివాళ్లు కూడా కొలవాలి. హైదరాబాద్ పక్కన మందుల ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరులో, అక్కడి నక్కవాగు వెంబడి ఊళ్లవాళ్లు నీళ్లు పాడయ్యాయని ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఫ్యాక్టరీల మురుగునీటి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది! ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ. రైతు "వాసన వస్తోంది" అంటే పక్కన పెట్టేయొచ్చు. ఎలా కొలిచారో సహా అచ్చయిన అంకెను, ఎవరైనా మళ్లీ కొలిచి చూసుకోగలిగిన అంకెను అలా పక్కన పెట్టడం కష్టం.

కష్టమే కానీ అసాధ్యం కాదు. ఫ్యాక్టరీలు వదిలే నీటిలో యాంటీబయాటిక్ ఎంతవరకు ఉండొచ్చో పరిమితులు పెడుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా ఇచ్చింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. క్యూసీ మనిషిగా నాకు ఇది బాగా అర్థమవుతుంది: స్పెసిఫికేషన్ లేకపోతే 31 వచ్చినా 0.31 వచ్చినా ఓఓఎస్ కాదు, ఏ అనలిస్టూ ఎర్ర జెండా ఎత్తలేరు. కాబట్టి మీరు అడిగినదానికి నా జవాబు ఇది. ఒకసారి కొలిచి రాసిపెట్టిన అంకెను మార్చడం చాలా కష్టం. అయితే ఏది కొలవాలి, ఎంత దాటితే తప్పు అనేది నిర్ణయించేది అధికారమే. ముసాయిదాలో ఉన్న పరిమితులు ఎందుకు తీసేశారో, ఎవరు అడిగితే తీసేశారో రాతపూర్వకంగా చెప్పమని మనం అడగాలి.